గుర్తులు చెప్పి తీసుకెళ్ళండి

జనవరి 8

వదినగారికి,

ముందు నమస్కారం, తర్వాత క్షమాపణ. పోయినసారి కల ఫోన్‌లో టైపు చేసి పంపడం నా తప్పే. అన్నయ్యగారు మీకంటే ముందే చదివేసి, "మీ మరదలు కాస్త ఎక్కువ తిని పడుకున్నట్టుంది" అన్నారని మీరు రాస్తే సిగ్గుతో చచ్చిపోయాను. మీకు వినపడదు, ఆయనకు ఊరుకోవడం తెలియదు. ఇక మనిద్దరికీ పోస్టుమాన్ ఒక్కడే దిక్కు.

ఈ కల నిన్న తెల్లవారుజామున వచ్చింది. మీరు ఎప్పుడూ చెప్పినట్టే, లేచి ఎవరితోనూ మాట్లాడకముందే కాగితం మీద పెట్టాను.

కార్ఖానాలో నా బల్ల ముందు కూర్చుని ఉన్నాను. పలక మీద ఇంకా కాల్చని పచ్చి మట్టి కప్పులు వరసగా ఉన్నాయి. ఎప్పటిలాగే కప్పు పట్టుకునే చెవి ఒకటి తీసుకుని, కొసలకు పలచటి మట్టి రాసి, కప్పుకు అతికించి, అంచు వేలితో నునుపు చేశాను. తీరా చూస్తే ఆ చెవి కప్పు లోపల ఉంది! బయటంతా గుండ్రంగా, నున్నగా ఉంది. పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇరవై రెండేళ్ళుగా కప్పులకు చెవులు పెడుతున్నాను వదినా, ఒక్కటి కూడా వంకర పోలేదు. ఎవరైనా చూస్తారేమోనని దాన్ని ఒళ్ళో దాచుకున్నాను. అంతలో మెలకువ వచ్చింది.

పక్క పీట మీద కూర్చునే చిలుకతో టీ వేళలో చెప్పాను. చిలుక అంటే తెలుసు కదా, నోరు మూసుకుంటే ఆయువు తగ్గుతుందనుకునే మనిషి. పెద్దగా నవ్వి గది అంతా చాటింది. బట్టీ మేస్త్రీగారు అక్కడే ఉన్నారు. "అలాంటి కప్పు వస్తే నా దగ్గరికే పంపండి. చితక్కుండా విడిగా పెట్టి కాలుస్తాను" అన్నారు. ఆయన ఏ మాటన్నా అంత నిదానంగానే అంటారు.

ఇంకో సంగతి. తనిఖీ గదిలో పనిచేసే పెద్దావిడ మానేసింది. యజమాని నన్ను ఆ గదికి మారమని అడిగారు. కూర్చుని కాలిన కప్పులు పరీక్ష చేయడమే పని. మెడ నొప్పి తగ్గుతుంది. కానీ మట్టి తాకే పని ఉండదు. ఏం చెప్పాలో తోచక రెండు వారాలు గడువు అడిగాను. ఈ కల దాని గురించేనా? మీరు చూసి చెప్పండి.

మీ కాళ్ళ వాపు ఎలా ఉందో రాయడం మరిచిపోకండి.

మీ మరదలు


జనవరి 12

వదినగారికి,

మీ జవాబు రాకముందే ఇంకో ఉత్తరం రాస్తున్నాను. ప్రార్థన చేసుకుని కూర్చున్నాను.

బట్టీ మేస్త్రీగారు నన్ను పెళ్ళి చేసుకుంటారా అని అడిగారు.

రాశాక ఆ వాక్యం వంక చూడాలంటే భయంగా ఉంది. మీ తమ్ముడు పోయి నాలుగేళ్ళు. ఈ మాట చెప్పుకోవడానికి నాకున్న మనిషి మీరొక్కరే. మీరేమో ఆయనకు స్వయానా అక్క. దేవుడు నన్ను ఎక్కడ నిలబెట్టాడో చూడండి.

నిన్న మధ్యాహ్నం బట్టీ దగ్గరికి రమ్మన్నారు. ఏ కప్పులైనా పగిలాయేమోననుకుని వెళ్ళాను. "ఒక మాట అడగాలని ఆర్నెల్లుగా అనుకుంటున్నాను. ఇక్కడైతే నా ముఖం ఎర్రబడినా మంట వల్ల అనుకుంటారని పిలిచాను" అన్నారు. తర్వాత అడిగారు. "తొందరేం లేదు" అని ఆయనే తలుపు తీసి నన్ను పంపించారు.

ఇవాళ పొద్దున కల వచ్చింది. మీ తమ్ముడు కార్ఖానాకు వచ్చారు. ఇస్త్రీ చేసిన నీలం చొక్కా వేసుకున్నారు. నా పీట మీద కూర్చున్నారు. మేస్త్రీగారు ఆయనకు టీ పోసి ఇచ్చారు. ఇద్దరూ ఎన్నాళ్ళుగానో తెలిసినవాళ్ళలా మాట్లాడుకుంటున్నారు. నేను కాస్త దూరంగా నిలబడి చూస్తున్నాను. అంతే రాయగలను.

మీ తమ్ముడు పోయిన కొత్తలో నాకు నిద్ర పట్టేది కాదు. కళ్ళు మూసుకుంటే ఆయనే కనిపిస్తారని భయం. అప్పుడు మీరే రాశారు, "కనిపిస్తే కనిపించనీ. ఏం చూశావో నాకు రాసి పంపు. ఇద్దరం చూసుకుందాం" అని. ఆ ఉత్తరం వచ్చాకే నేను నిద్రపోయాను. ఇన్నేళ్ళూ ఏ కల వచ్చినా మీ చేతిలో పెట్టాకే నాది అయింది. ఇదీ మీ చేతిలోనే పెడుతున్నాను. మీరు అవునంటే అవును, కాదంటే కాదు.

ఒకటే భయం. సరే అంటే నేను మీకేమవుతాను? మీ తమ్ముడి భార్యను కాకుండా పోతాను కదా. ఉత్తరం పైన వదినగారికి అని రాసే హక్కు నాకుంటుందా?

మీ మరదలు


జనవరి 14

ఓ మరదలు పిల్లా,

కాళ్ళ వాపు తగ్గింది. మీ అన్నయ్యగారి దగ్గు మాత్రం ఆయన లాగే మొండిది, పోనంటోంది. కషాయం ఇస్తే చేదంటారు, మాత్ర ఇస్తే పెద్దదంటారు.

చెవి లోపలున్న కప్పు కల చాలా బాగుంది. నేను దాని గురించి బస్ స్టేషన్లో మా పోయిన సామాన్ల కౌంటరు దగ్గర కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే, గొడుగు పోగొట్టుకుని వచ్చినాయన తనను చూసి నవ్వాననుకుని అలిగాడు. నిన్న మాకు వచ్చిన వస్తువుల్లో ఒక కుడికాలి బూటు ఉంది. ఒక్క బూటు బస్సులో వదిలేసి మనిషి ఎలా దిగి వెళ్ళాడో ఆ దేవుడికే తెలియాలి.

ఇక నిన్ను అడిగారన్నావే, దానికి జవాబు. మామూలుగా నేను జవాబు చెప్పను, నీకు తెలుసు. ఏ కల రాసినా తిరిగి నిన్నే నాలుగు ప్రశ్నలు అడుగుతాను. మా గదిలోనూ అంతే కదా. సామాను పోయిందంటూ వచ్చినవాళ్ళకు ముందుగా ఏదీ చూపించను. ఏ రంగు, ఎక్కడ చిరిగింది, లోపల ఏముంది, కాగితం మీద రాయమంటాను. గుర్తులు సరిపోతేనే బయటికి తీస్తాను. ముందే చూపిస్తే ప్రతి గొడుగూ తనదే అనిపిస్తుంది మనిషికి.

ఈసారి మాత్రం ప్రశ్నలు లేవు. నాకు తేటగా కనిపిస్తోంది. వద్దని చెప్పు. మర్యాదగా, నవ్వుతూనే చెప్పు, కానీ వద్దనే చెప్పు. ఇన్నేళ్ళు కూర్చున్న పీట మీద నుంచి లేవకు. అలవాటైనదాన్ని వదిలి కొత్తదాని వెంట వెళ్ళాక, పాతది రమ్మన్నా రాదు. అడిగిన మనిషి చెడ్డవాడని కాదు. తన అవసరం కొద్దీ అడిగాడు. ఆయన అవసరానికి నువ్వెందుకు మారిపోవాలి? మా తమ్ముడు ఉండి ఉంటే ఇదే మాట అనేవాడు.

మెడకు వేడినీళ్ళ కాపడం పెట్టుకో. బద్ధకించకు.

నీ వదిన


జనవరి 17

వదినగారికి,

మీ ఉత్తరం నిన్న అందింది. నేను పన్నెండున వేసింది పద్నాలుగుకల్లా చేరి, అదే రోజు మీరు జవాబు రాశారంటే నా గురించి ఎంత ఆలోచించారో అర్థమైంది. మీ తమ్ముడి మాట కూడా చెప్పారు. ఇక నేను ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

ఇవాళ పొద్దున్నే బట్టీ దగ్గరికి వెళ్ళి వద్దని చెప్పాను. మీరు రాసినట్టే మర్యాదగా చెప్పాను. నవ్వడం మాత్రం చేతకాలేదు. మేస్త్రీగారు చేతులు తుడుచుకుని, "సరేనండి. చెప్పినందుకు సంతోషం" అన్నారు. బట్టీ వైపు తిరుగుతూ, "మీ బల్ల దగ్గర నేల తడిగా ఉంది, జారతారు, చూసుకోండి" అన్నారు. అంతే. తలుపు మూసి గొళ్ళెం పెట్టుకున్నారు.

తనిఖీ గది గురించి మీరేమీ రాయలేదు కాబట్టి మీకు అభ్యంతరం లేదనుకుని యజమానికి సరే అని చెప్పేశాను. సోమవారం నుంచి అక్కడే. రోజంతా బట్టీ ఎదురుగా కూర్చోవడం కంటే అదే నయం అనిపించింది. చిలుక నా పీట మీద తన టిఫిన్ డబ్బా పెట్టేసుకుని, "ఖాళీగా ఉంచితే నువ్వు చచ్చిపోయినట్టుంటుంది" అంది. దాని ఓదార్పు అలాగే ఉంటుంది.

మీరు చెప్పిన మాట విన్నాను. మనసు మాత్రం తడిగుడ్డలా బరువుగా ఉంది. అదీ సర్దుకుంటుంది.

మీ మరదలు


జనవరి 24

మరదలికి,

నీ ఉత్తరం అందింది. మీ అన్నయ్యగారికి ఒంట్లో బాగుండక వెంటనే రాయలేకపోయాను. జరిగింది జరిగింది. ఏది జరిగినా మన మంచికే అనుకోవాలి. కొత్త గది మెల్లగా అలవాటవుతుంది. వేళకు తిను.

కలలు వస్తే రాయి. తమ్ముడు కనిపిస్తే తప్పకుండా రాయి, ఎలా ఉన్నాడో, ఏం వేసుకున్నాడో అన్నీ రాయి.

నీ వదిన


ఫిబ్రవరి 6

వదినగారికి,

మీరు రాయమన్నారు. రాయడానికి ఏమీ లేదు. కలలు రావడం మానేశాయి.

పడుకుంటున్నాను, లేస్తున్నాను. మధ్యలో ఏమీ ఉండటం లేదు. మీ తమ్ముడు కూడా రావడం లేదు. మొదట్లో అలసట అనుకున్నాను. మూడు వారాలైంది. ఇంతకుముందు వారానికి రెండు మూడు కలలైనా వచ్చేవి. దేవుడు పగలు పిలిస్తే పనిలో పడి వినిపించుకోమని, అందుకే నిద్రపోయాక పిలుస్తాడని మీరు అనేవారు. నన్ను పిలవడం ఆయన మానేశాడేమో.

తనిఖీ గది పని చెప్తాను. కాలి చల్లారిన కప్పును ఎడమచేతి వేళ్ళ మీద నిలబెట్టి, చిన్న చెక్కపుల్లతో అంచు మీద తట్టాలి. మంచి కప్పు ఖంగుమంటుంది. లోపల సన్నటి పగులుంటే కంటికి కనిపించకపోయినా టప్పుమని చచ్చు మోత వస్తుంది. దాన్ని పక్కకు పెట్టేయాలి. నేను రోజూ వందల కప్పులు తడుతున్నాను. మొన్న పగుళ్ళున్న కప్పులు పదకొండు మంచివాటిలో కలిపి పంపేశాను. యజమాని ఒకటి తెచ్చి నా ముందు తట్టి, "వినపడటం లేదా అమ్మా?" అన్నారు. వినపడింది వదినా. కానీ ఈ మధ్య నాకు అన్నీ ఒకే మోతలా ఉన్నాయి.

మేస్త్రీగారు టీ వేళకు రావడం లేదు. ఆయన కప్పు చిలుక తీసుకెళ్ళి బట్టీ దగ్గర ఇచ్చి వస్తోంది. ఒకసారి దారిలో ఎదురైతే ఆయనే గోడవైపు తప్పుకుని దారి ఇచ్చారు. కోపం ఉన్నా బాగుండేది.

మిమ్మల్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. మీరు నా మేలు కోరే చెప్పారు. కల లేకుండా మీకు ఉత్తరం ఎలా రాయాలో తెలియక ఇదంతా రాశాను.

మీ మరదలు


ఫిబ్రవరి 10

తల్లీ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. చదివాక నన్ను ఏమనాలనిపిస్తే అది అను.

నేను వద్దన్నది పెళ్ళిని కాదు. తనిఖీ గదిని.

నా పద్నాలుగో తేదీ ఉత్తరం నీ మొదటి ఉత్తరానికి జవాబు. పదకొండున మొదలుపెట్టాను. గొడుగులవాళ్ళకూ సంచులవాళ్ళకూ మధ్య తీరిక దొరికినప్పుడల్లా నాలుగు ముక్కలు రాసుకుంటూ వచ్చాను. నాకు ఉత్తరం డబ్బాలో వేసే రోజు తేదీ వేసే అలవాటు. పద్నాలుగు పొద్దున తేదీ వేసి, పోస్టు చేశాను. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి నీ రెండో ఉత్తరం గుమ్మంలో ఉంది. పీట మీద నుంచి లేవకు అన్నది నీ చెవుల బల్ల గురించి. అడిగిన మనిషి అంటే మీ యజమాని. మా తమ్ముడి మాట కూడా అదే, నీ చేతి పనంటే వాడికి ఎంత గొప్పో నీకు తెలుసు. నేను వద్దన్న పని నువ్వు చేశావు, నేను వినని సంగతికి వద్దని చెప్పి వచ్చావు.

ఇంతవరకూ అయితే పొరపాటు అనుకోవచ్చు. ఇక్కడి నుంచి తప్పు.

నీ పెళ్ళి మాట చదివి మూడు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. ఒక్క అక్షరం పెట్టలేకపోయాను. ఆ తర్వాత నీ పదిహేడో తేదీ ఉత్తరం వచ్చింది. చదవగానే ఏం జరిగిందో అర్థమైంది. ఆ క్షణమే "ఆగు, అది కాదు" అని రాయాల్సింది. రాయలేదు. దాచను, చెప్పేస్తాను. నాకు హాయిగా అనిపించింది. ఐదారు రోజులు ఆ హాయిలోనే ఉండి, ఏది జరిగినా మంచికే అని నీకు రాసి పంపాను. మీ అన్నయ్యగారికి ఆ వారం ఒంట్లో నిక్షేపంలా ఉంది.

ఎందుకో చెబుతాను. వాడు నా ఒళ్ళో పెరిగినవాడు. అమ్మ పనికి వెళితే నేనే జుట్టు దువ్వి బడికి పంపేదాన్ని. పోయాక ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి నా కలలోకి రాలేదు. ప్రార్థించాను, ఏడ్చాను, వాడి ఫోటో తలకింద పెట్టుకుని పడుకున్నాను. రాడు. నీ కలల్లోకే వస్తాడు. నువ్వు రాసిన ప్రతి ఉత్తరం ఆత్రంగా చింపుతానే, నీ క్షేమం కోసం కొంతే. వాడు ఇవాళ ఏ చొక్కా వేసుకున్నాడో చూద్దామని మిగతాది. నువ్వు ఇంకొకరి ఇంటికి వెళితే అక్కడికి వాడు రాడేమోనని భయపడ్డాను. నా తమ్ముణ్ణి చూసుకోవడానికి నిన్ను కిటికీలా తెరిచి ఉంచుకున్నాను. మనిషిని కిటికీ చేస్తే ఆ మనిషికి చలి వేస్తుందని తోచలేదు.

ఇప్పుడు నీకు కలలే రావడం లేదంటున్నావు. నిన్న నిద్ర పట్టక కూర్చుంటే మీ అన్నయ్యగారు ఏమైందని సైగ చేశారు. అంతా చెప్పాను. ఆయన సంగతి తెలుసుగా, కలలంటే అజీర్తి అనే మనిషి. కాగితం తీసుకుని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి చూపించారు: "ఆ అమ్మాయిది కాదు అజీర్తి. నీది. కక్కేయి." ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన నాకు చెప్పిన అర్థం ఇదొక్కటే, సరిగ్గా ఉంది.

మా గదిలో ముప్పై ఏళ్ళుగా గుర్తులు అడక్కుండా ఒక్క చేతిరుమాలు కూడా ఇవ్వలేదు. నీకు మాత్రం ఏమీ అడక్కుండానే నీ జీవితం గురించి "వద్దు" అని ఒక మాట చేతిలో పెట్టి పంపాను. తనిఖీ గది విషయంలో అయినా అలా చెప్పే హక్కు నాకు లేదు. కల నీది. నువ్వు చూసింది నీకే తెలుసు. నేను అడగాల్సింది అడుగుతున్నాను, నాకు జవాబు రాయకపోయినా ఫర్వాలేదు, నీకు నువ్వు చెప్పుకో. ఆ రోజు కలలో వాడు టీ తాగాక ఏమైంది? "అంతే రాయగలను" అన్నావు. అంతే చూశాను అనలేదు. నువ్వు లేచినప్పుడు ఎలా లేచావు?

నన్ను క్షమించమని అడగను. అది నీ ఇష్టం.

వదిన


ఫిబ్రవరి 19

వదినగారికి,

వెంటనే రాయలేదు. కోపం వచ్చింది. కోపం వస్తే ఏం చేయాలో నాకు సరిగ్గా తెలియదు, అందుకే ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ, తోమినవి కూడా మళ్ళీ తోమాను. నాలుగో రోజుకు గిన్నెలు మెరుస్తున్నాయి, నేను మాత్రం అలాగే ఉన్నాను. దేవుడి ముందు కూర్చుని మీ మీద చాడీలన్నీ చెప్పాను. చెబుతుంటే నా గురించిన చాడీ కూడా ఒకటి బయటపడింది.

మీరు తొందరపడి చెప్పారు, నిజమే. కానీ "మీరు కాదంటే కాదు" అని రాసి నా సంచి మీ కౌంటరు మీద పడేసి వెళ్ళిపోయింది నేనే కదా. వద్దన్నాక ఎవరైనా అడిగితే "మా వదిన చెప్పింది" అనుకోవచ్చని నాకు లోపల తెలుసు. దానికోసమే కలలో సగం మీకు రాయలేదు.

ఇప్పుడు రాస్తాను. మీ తమ్ముడు టీ తాగుతూ మేస్త్రీగారితో ఇలా అంటున్నారు: "ఈమెకు కోపం వస్తే నోరు విప్పదండీ. గిన్నెలు తోముతుంది. మీరు కంగారుపడి ఏమిటి ఏమిటి అని అడక్కండి. పక్కన నిలబడి ఒక్కొక్కటీ తుడిచి పెట్టండి. ఆరో గిన్నె దగ్గర తనే చెబుతుంది." మేస్త్రీగారు శ్రద్ధగా వింటూ, "ఆరోదేనా? పెద్ద గిన్నెలు లెక్కలోకి వస్తాయా?" అని అడిగారు. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు ఉక్రోషం వచ్చింది, నవ్వూ వచ్చింది. వదినా, నేను నవ్వుతూ లేచాను. ఖాళీ గదిలో బయటికి నవ్వుతూ. నాలుగేళ్ళలో మొదటిసారి. మీ తమ్ముడు పోయిన ఇంట్లో అలా నవ్వినందుకు సిగ్గేసి, మీకు ఆ ముక్క దాచాను. వాటిని మీరు అడిగిన గుర్తులు అనుకోండి. ఆ కల నాదే. దాని అర్థం ఆ నవ్వే. లేచిన నిమిషంలోనే నాకు తెలుసు.

మరో మాట, మీకోసం. ఆయన ఆరోగ్యంగా ఉన్నారు. చొక్కా నీలం అని రాశాను. పై గుండీ ఊడి ఉంది. చిన్నప్పుడు మీరు తిట్టేవారట కదా, గుండీలు నములుతాడని. ఇకమీద వస్తే అన్నీ రాస్తాను. రాకపోయినా మనం ఆయన గురించి మాట్లాడుకోవడానికి కలే అక్కర్లేదు. నాకు పన్నెండేళ్ళ కాపురం గుర్తుంది, మీకు ఆయన బాల్యం గుర్తుంది. ఒకరికొకరం రాసుకుంటే చాలదా?

సోమవారం బట్టీ దగ్గరికి వెళ్ళాను. బట్టీ మండుతోంది. లోపలంతా హోరు. మేస్త్రీగారు లేచి నిలబడ్డారు.

"అప్పుడు నేను వద్దన్నది..." అని మొదలుపెట్టాను.

"అది మీ మాట కాదని తెలుసండి" అన్నారు.

"ఎలా తెలుసు?"

"మీరు టీలో పంచదార ఎక్కువైందని చెప్పడానికే మూడు రోజులు తీసుకుంటారు. ఇంత పెద్ద మాటకు వారం కూడా తీసుకోకుండా అంత ఖాయంగా వద్దన్నారంటే ఎవరో అన్నారనుకున్నాను. అన్నవాళ్ళు పెద్దవాళ్ళయి ఉంటారు, నేను అడ్డం తిరిగితే మీకు బాధ. అందుకే ఊరుకున్నాను."

"మరి ఇప్పుడు నేను చెప్పేది ఎవరి మాటనుకుంటున్నారు?"

"మీరింకా ఏమీ చెప్పలేదండి."

చెప్పాను. ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "మంట హోరులో వినపడలేదు" అన్నారు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ వినపడలేదన్నారు. మూడోసారి అరిచాను. గోడ అవతల నుంచి చిలుక, "మాకందరికీ వినపడింది, ఆయనొక్కడికే చెవుడు!" అని కేకేసింది. అప్పుడు మేస్త్రీగారి ముఖం చూడాలి. ఈసారి ఆ ఎరుపు మంట వల్ల కాదు.

నెలాఖరుకు నా పీట మీదికి తిరిగి వెళ్తానని యజమానికి కూడా నేనే చెప్పాను. గొణిగి ఒప్పుకున్నారు.

మార్చి ఇరవై నాలుగున రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు. హంగూ ఆర్భాటం ఏమీ లేదు. నా తరఫున సాక్షిగా చిలుక వస్తానంది. మేస్త్రీగారి తరఫున ఎవరూ లేరు. యాభై ఏళ్ళ మనిషి, అనాథాశ్రమంలో పెరిగారు. తల్లిదండ్రుల పేర్లు కూడా కాగితాల్లోవే. "అయినవాళ్ళు అని రాసిన గడి దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ నాకు కలం ఆగిపోతుంది" అన్నారు. ఆఫీసు వాచ్‌మన్‌ను అడుగుదామంటున్నారు.

క్షమించమని అడగనన్నారు. అడక్కపోయినా నేను క్షమించాను. ఎప్పుడో చెప్పలేను, బహుశా ఆరో గిన్నె దగ్గర. కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. ఇరవై నాలుగో తేదీ తర్వాత నేను మీకేమవుతాను? మిమ్మల్ని ఏమని పిలవాలి? మీరు రాలేనంటే అర్థం చేసుకుంటాను. తమ్ముడి భార్య ఇంకొకరి పక్కన నిలబడటం చూడమని ఏ ముఖం పెట్టుకుని అడగను? ఈ ఉత్తరం పైన మాత్రం, ఆఖరిసారేమోనని, కాస్త పెద్ద అక్షరాలతో వదినగారికి అని రాశాను.

మీ మరదలు


ఫిబ్రవరి 22

మరదలికి,

ఈ ఉత్తరం ఇవాళే మొదలుపెట్టాను, ఇవాళే ముగించి ఇవాళే పోస్టు చేస్తున్నాను. కౌంటరు ముందు ఐదుగురు నిలబడి ఉన్నారు. ఉండనీ.

పై గుండీ సంగతి చదివి ఎంతసేపు ఏడ్చానో, ఎంతసేపు నవ్వానో మీ అన్నయ్యగారిని అడుగు. గుండీలు నమలడం గురించి నీకు వాడే చెప్పి ఉంటాడని ఆయన అంటారు. చెప్పనీ. ఎవరు చెప్పినా నా తమ్ముడి గుండీయే.

నీ ప్రశ్న గురించి రాత్రంతా ఆలోచించాను. అక్కా అని పిలిపించుకుందామా అనుకున్నాను. పిన్ని, అత్త, స్నేహితురాలు, అన్ని వరసలూ వేసి చూశాను. ఏదీ సరిపడలేదు. పదహారేళ్ళుగా నువ్వు వదినా అంటే పలికిన మనిషిని. నాకు వినపడకపోయినా నీ పెదవులు ఆ మాట అనడం గుర్తుపడతాను. ఇంకో పిలుపుకు నా తల తిరగదు. కాబట్టి నేను వదిననే. అది ఖాయం. ఇక దానికి తగ్గట్టు మిగతావి సర్దాలి. నేను నీకు వదినగా ఉండాలంటే నీ భర్త నాకు తమ్ముడు కావాలి. వేరే దారి లేదు. ఆయన వయసు యాభై అన్నావు, నాకు యాభై ఎనిమిది. సరిగ్గా సరిపోయింది.

వాచ్‌మన్‌ను ఇబ్బంది పెట్టొద్దని చెప్పు. అయినవాళ్ళు అన్న గడిలో నా పేరు రాయమను. నేను ఆయన తరఫున సంతకం పెడతాను. నీ తరఫున కాదు, ఆ సంగతి ముందే గుర్తుపెట్టుకో. నేను మగపెళ్ళివారి మనిషిని. మొదటిసారి నువ్వు వచ్చినప్పుడు నీ మెత్తటి మాటలకు కరిగిపోయి ఆడపడుచు పెత్తనం ఒక్కరోజు కూడా చేయలేదు. ఆ లోటంతా ఈసారి తీర్చుకుంటాను. కుర్చీ సరిగ్గా లేదంటాను. టీ చల్లారిందంటాను. పెళ్ళికూతురు నవ్వడం లేదేమని అడుగుతాను.

మీ అన్నయ్యగారు కూడా వస్తారు. బావమరిది దగ్గర మంచి కప్పులు తక్కువలో దొరుకుతాయా అని అప్పుడే ఆరా తీస్తున్నారు.

మార్చి ఇరవై మూడున మధ్యాహ్నం బస్సులో దిగుతాం. నువ్వు బస్ స్టేషన్‌కు రాకు. మా తమ్ముణ్ణి పంపు.

నీ వదిన